కారు దీపాలు మసకబారితే...

మా బావగారి దగ్గర పాత అంబాసిడర్ ఉన్నది. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయిందని ఎవరన్నా గుర్తుచేస్తే, "మాది ఆగలేదు గదా!" అంటారాయన.

మొన్న తాడేపల్లిగూడెంలో పెళ్ళి చూసుకొని, రాత్రివేళ ఏలూరు మీదుగా కైకలూరు బయలుదేరాం. వెనుక సీటులో అక్కయ్య, పిల్లలు. కొల్లేటి రోడ్డెక్కేసరికి ముందు దీపాలు ఆముదపు దీపాలైనాయి. రెండు ప్రక్కలా నీళ్ళు. ఇంతలో వెనుకనుంచి వచ్చిన చేపల లారీ ఒకటి మమ్మల్ని తాకీ తాకకుండా తప్పుకొని, "మీ బండికి వెనకాల దీపమే లేదండీ!" అన్న కేక వినిపించి పోయింది. ఇల్లు చేరేదాకా అక్కయ్య నోరు విప్పలేదు.

బల్బులు అంతకు వారం ముందే మార్పించారు. మర్నాడు మేస్త్రి వచ్చి చూసి, "బల్బులకేం రోగం లేదండి, ఎర్తు పోయింది" అన్నాడు.

ఎర్తు అంటే మరేమీ కాదు. బ్యాటరీ నుంచి దీపానికి కరెంటు తీగలో వెళుతుంది. తిరిగి వచ్చేందుకు కారు ఇనుప బాడీయే దారి. దీపాన్ని బాడీకి కలిపే మర దగ్గర తుప్పు పట్టిందా, ఆ దారి ఇరుకైపోతుంది. 12 వోల్టులలో 2 వోల్టులు అక్కడ ఖర్చయితే చాలు, వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది. కొల్లేటి సీమలో గాలినిండా తేమ. ఇత్తడి, ఇనుము కలిసినచోట తేమ చేరితే తుప్పుకు పండుగే!

ఇండికేటరు వేస్తే వెనుక దీపం కూడా మిణుకుమంటున్నదా? అయితే అనుమానం ఎర్తు మీదనే. తన దారి మూసుకుపోయిన కరెంటు పక్క బల్బులోనుంచి దొంగదారి వెతుక్కుంటున్నదన్నమాట.

పరీక్ష సులువు. దీపం వేసి, మందపాటి తీగ ఒక కొసను బ్యాటరీలో బాడీకి కలిపిన ధ్రువానికి, రెండో కొసను దీపపు లోహపు గిన్నెకు ఆనించండి. వెలుగు పెరిగితే దొంగ దొరికినట్టే. తీగను రెండో ధ్రువానికి మాత్రం తగలనీయకండి, కాలిపోతుంది.

ఇక మరమ్మతు. ముందుగా బ్యాటరీనుంచి బాడీకి వెళ్ళే తీగ విప్పండి. తరువాత ఎర్తు మర ఊడదీసి, అది కూర్చునే చోటును, తీగ కొసనున్న రింగును గరుకు కాగితంతో లోహం తళతళలాడేదాకా రుద్దండి. రంగుమీద బిగిస్తే లాభం లేదు, రంగులోనుంచి కరెంటు పారదు. బల్బు కూర్చునే గూడు కూడా శుభ్రం చేయండి. కొత్త మర, పళ్ళున్న వాషరు వేసి గట్టిగా బిగించి, పైన వ్యాజిలైను పూయండి. తేమ లోపలికి చేరదు. రింగు తినేసి ఉంటే కొత్తది వేయించండి.

మేస్త్రి అన్ని దీపాలకూ ఇదే పని చేశాడు. కొత్త బల్బు ఒక్కటీ కొననక్కరలేకపోయింది.

ఆనాటినుంచి అక్కయ్య, కారు చుట్టూ తిరిగి దీపాలన్నీ వెలిగాయని చూసుకొనిగాని ఎక్కదు. బావగారు నవ్వుతారు గాని, వద్దనరు. మీరూ ఆ అలవాటు చేసుకోండి.