తలనొప్పి – కంటి నరము

తలనొప్పి అనగానే మన ఇళ్ళలో అమృతాంజనం సీసా వెదకడం అలవాటు. 1893లో ఈ బొంబాయిలోనే దానిని ప్రారంభించినవారు మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. అయితే ఏ లేపనానికీ లొంగని తలనొప్పి ఒకటి ఉన్నది. దానిని కామాటిపుర సోదరీ సోదరులు గుర్తించడం అవసరం.

పుర్రె మూసిన పెట్టె వంటిది. అందులో మెదడు, రక్తం, మెదడు చుట్టూ తిరిగే నీరు ఉంటాయి. పెద్దవారిలో ఈ నీరు సుమారు 150 మిల్లీలీటర్లు. లోపల గడ్డ పెరిగినా, క్షయ మెదడు పొరలకు సోకినా, బాలింతకు మెదడు సిరలలో రక్తం గడ్డకట్టినా ఒత్తిడి హెచ్చుతుంది. పెట్టె మాత్రం సాగదు. స్థూలకాయులైన యువతులలో ఒక్కొక్కప్పుడు ఏ కారణమూ కనబడకుండానే హెచ్చవచ్చు.

కంటి నుండి మెదడుకు పోయే నరంలో 10 లక్షలకు పైగా సన్నని పోగులున్నాయి. మెదడును కప్పిన పొరలే ఈ నరాన్నీ కనుగ్రుడ్డు దాకా కప్పుతాయి. ఆ నీరు కూడా అక్కడిదాకా వస్తుంది. కనుక తలలో ఒత్తిడి పెరిగితే నరం మొదలు ఉబ్బుతుంది, సాధారణంగా రెండు కళ్ళలోనూ. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు కంటి లోపలి భాగం చూచే సాధనాన్ని లోకానికి తెలిపిన తరువాత, డాక్టర్లకు ఈ వాపు కంటబడసాగింది.

తెల్లవారుజామున హెచ్చే తలనొప్పి, వాంతులు, చెవిలో నాడి కొట్టుకొన్నట్లు హోరు, ఒకటి రెండుగా కనబడడం, బిందె ఎత్తబోయి వంగి లేచినప్పుడు కొన్ని క్షణాలు చూపు మసకబారడం – ఇవీ గుర్తులు. పైత్యమని సరిపెట్టుకోరాదు. జ్వరం, మగత కూడా ఉంటే ఆ క్షణమే ఆసుపత్రికి తీసికొని పోవలెను.

ఇందులో మోసమేమంటే, మొదట్లో రోగి అక్షరాల పటం చివరి వరుస దాకా చదువుతాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో నంబరు మారలేదంటారు. అది నిజమే కావచ్చు, కాని వాపు లేదని దాని అర్థం కాదు. కంట్లో చుక్కలు వేసి లోపల చూడమని కంటి డాక్టరును అడగండి. మన గల్లీలకు దగ్గరలోనే 1845 నుండి సర్ జె.జె. ఆసుపత్రి ఉన్నది. చుక్కల వల్ల ఆ పూట చూపు మసకగా ఉండి పని పోవచ్చు. పోనివ్వండి. వాపు నెలల తరబడి నిలిస్తే నరం ఎండిపోతుంది, పోయిన చూపు తిరిగి రాదు.

వాపు కనబడితే ముందు తలకు స్కాను తీస్తారు. తరువాత అవసరమైతే వెన్నులో సూది వేసి నీటి ఒత్తిడి కొలుస్తారు. కాళ్ళు పడిపోతాయని చాలామంది భయపడి ఇంటికి వచ్చేస్తారు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది. సూది వేసేది దానికి దిగువన. ఆ భయంతో కళ్ళు పోగొట్టుకోవద్దు.