నీడలో కూర్చున్నవాడి నొప్పి

"ఏమప్పా, నీడలో కూర్చుని చేసే పనికి గూడా నొప్పేనా?"

మణికట్టుకు పట్టీ కట్టుకుని వెళ్ళిన రోజున మా యజమాని వేసిన ప్రశ్న ఇది. ఆయన ఆశ్చర్యం నాకు అర్థమైంది. మాది తాడిపత్రి. ఎండలో నాపబండలు తీసి, మోసి, పాలిషు పట్టి బతికే ఊరు. బండలు మోసేవాడి ఎదుట కీబోర్డు నొక్కేవాడు తన నొప్పి చెప్పుకోవడానికి సిగ్గుపడతాడు. నేనూ చాలాకాలం సిగ్గుపడ్డాను. ఆ సిగ్గుతోనే నాకిప్పుడు తగాదా.

ఒకరి నొప్పి మరొకరి నొప్పిని రద్దు చేయదు. బండ ఎత్తేవాడి నడుము బరువుతో చెడుతుంది, మాది కదలిక లేక చెడుతుంది. ఇది కంప్యూటరుతో పుట్టిన విడ్డూరమూ కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1713లో వెలువరించిన వృత్తిరోగాల గ్రంథపు రెండో కూర్పులో లేఖకుల బాధలకు మూడు కారణాలు చూపాడు: ఎడతెగక కూర్చోవడం, చేతిని ఒకే తీరున ఆడించడం, తప్పు దొర్లకూడదన్న ఆందోళన. మూడు శతాబ్దాలు గడిచినా అందులో కొట్టివేయదగినది ఒక్కటీ లేదు.

మన భాష ఆ రెండో కారణానికి మరికొంత తోడు చేసింది. ఇన్‌స్క్రిప్టులో 'అర్థశాస్త్రం' అని కొట్టి చూడండి. మొత్తం పన్నెండు అక్షరపు మీటలు నొక్కాలి. అకారానికి ఒకసారి, వత్తులకు మూడుసార్లు 'డి' మీట, దీర్ఘానికి 'ఇ' మీట. అంటే అయిదుసార్లు ఎడమచేతి మధ్యవేలే! రోజంతా తెలుగు కొట్టేవాడి వేలు చెల్లించే సుంకం ఇది.

దీనికి మనకు దొరికేది ఉపదేశం: "నిటారుగా కూర్చో, గంటకోసారి లేచి నడువు." మంచిమాటే. కానీ నా బల్ల ఖాతాపుస్తకాలు రాసుకోవడానికి వడ్రంగి చేసినది. దానిమీద కీబోర్డు పెడితే భుజాలు పైకి లేస్తాయి. తెర కిందికి ఉండి మెడ వాలుతుంది. అక్కడ నిటారుగా కూర్చోమనడం, కురచ చెప్పులిచ్చి కాలు ముడుచుకోమనడం వంటిది. ఐరోపా సమాజం 1990లో చేసిన ఆదేశం తెరముందు పనిచేసేవారి బల్లనూ కుర్చీనీ పరిశీలించి సరిదిద్దే బాధ్యతను, మధ్యమధ్య విరామం కలిగేలా పనిని అమర్చే బాధ్యతను యజమానిమీదే పెట్టింది. మనం మాత్రం తప్పంతా ఉద్యోగి వెన్నుమీద వేస్తున్నాం.

చివరకు మా ఊరి రాయే నన్ను ఆదుకుంది. మోచేతులు కీబోర్డు ఎత్తుకు వచ్చేదాకా కుర్చీలో దుప్పటి మడిచి వేశాను. వేలాడిన కాళ్ళకింద ఒక బండముక్క పెట్టాను. తెర పైఅంచు కంటిమట్టానికి వచ్చేలా మరి రెండు పేర్చి, దాన్ని చేయి చాపినంత దూరానికి జరిపాను. కిటికీ వెలుగు తెరమీద పడకుండా బల్లను పక్కకు తిప్పాను. మెడనొప్పి తగ్గింది. మణికట్టు ఇంకా పూర్తిగా కోలుకోలేదు.

వ్యర్థంగా పడివున్న బండముక్కలు ఊరికే దొరికాయి. లేచి నాలుగడుగులు వేయడానికి అయిదు నిమిషాలు మాత్రం దొరకడం లేదు. లేస్తే పని ఎగ్గొట్టినట్టు చూస్తారు. కోత యంత్రం వేడెక్కితే ఆపి చల్లారనిస్తారు, అప్పుడెవరూ దానిని సోమరి అనరు.

పగలంతా ఆఫీసులో అరిగిన వేళ్ళతోనే రాత్రి టపాలు రాసే మిత్రులారా! సరైన కుర్చీ, ఆ అయిదు నిమిషాలు యజమాని దయ కావు, కొడవలికి పిడిలాగా పనిముట్టులో భాగాలు. వేళ్ళు మొద్దుబారేదాకా ఆగకుండా అడగండి.