ఆన్‌లైన్‌లో ధర పలికింది.. సొమ్ము రాకుంటే దారేది?

నిజామాబాద్: ఎనిమిది, తొమ్మిది నెలలు పెంచి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టిన పసుపు మార్కెట్ యార్డులో ఒక్క పూటలో అమ్ముడవుతోంది. ఖరీదుదారులు సెల్‌ఫోన్‌లోనో, కంప్యూటర్‌లోనో ధర నమోదు చేస్తారు. అత్యధిక ధర ఎవరిదో తెరపై తేలిపోతుంది. అయితే ధర పలకడం వేరు, సొమ్ము చేతికందడం వేరు. వేలం దక్కించుకున్న వ్యాపారి సరుకు వద్దని మొండికేసినా, సరుకు తరలించుకుపోయి డబ్బు ఎగవేసినా రైతుకు చట్టంలో దారులు లేకపోలేదు. కానీ సరుకు గేటు దాటకముందు రైతుకున్న బలం, దాటిన తరువాత ఉండదు.

కేంద్ర ప్రభుత్వం 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ పేరిట జాతీయ వ్యవసాయ మార్కెట్‌ను ప్రారంభించింది. నిజామాబాద్ యార్డు తొలి విడతలోనే ఇందులో చేరింది. వేలం తీరు మారినా, బకాయి వసూలుకు ఆధారం మాత్రం పాత చట్టాలే.

బేరం ఎప్పుడు ఖాయం?

1930 నాటి సరుకుల విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం వేలం ముగిసినట్లు సుత్తి దెబ్బతోనో, వాడుకలో ఉన్న మరో పద్ధతిలోనో ప్రకటించినప్పుడు విక్రయం పూర్తవుతుంది. అంతవరకు పాటదారు వెనక్కి తగ్గవచ్చు. ఆన్‌లైన్ వేలంలో ఫలితాల ప్రకటన ఆ సుత్తి దెబ్బతో సమానం. ప్రకటించిన ధరకు రైతు సమ్మతి తెలిపిన తరువాత ఖరీదుదారు తప్పుకుంటే అది ఒప్పంద ఉల్లంఘనే. కాగితంపై సంతకం లేదన్న సాకు చెల్లదు. ఎలక్ట్రానిక్ మార్గంలో కుదిరిన ఒప్పందం ఆ ఒక్క కారణంతో చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టంలోని 10ఎ సెక్షన్ చెబుతోంది.

మరో ముఖ్యాంశం తూకం. ధర తేల్చడానికి విక్రేత తూకం వేయించవలసి ఉన్నప్పుడు, కాంటా పూర్తయి ఆ సంగతి కొనుగోలుదారుకు తెలిసేవరకు సరుకుపై యాజమాన్యం సాధారణంగా విక్రేతదే. కాంటా పూర్తయినా, అరువు ఒప్పందం లేనప్పుడు సొమ్ము ముట్టేవరకు సరుకును తన అధీనంలో ఉంచుకునే హక్కు రైతుకు ఉంటుంది.

నోటీసు లేని మరు వేలంతో నష్టం

వ్యాపారి సొమ్ము చెల్లించకపోతే సరుకును తిరిగి అమ్ముకునే వీలును 54వ సెక్షన్ కల్పించింది. కూరగాయల వంటి పాడైపోయే సరుకుకు నోటీసు అక్కరలేదు. ఎండు పసుపు ఆ కోవలోకి రాదు. కనుక తిరిగి అమ్ముతున్నట్లు ముందుగా నోటీసు ఇచ్చి, తగిన గడువు ఇవ్వాలి. ఉదాహరణకు 20 క్వింటాళ్లు క్వింటాలుకు రూ.12,000 చొప్పున పలికి, మరు వేలంలో రూ.10,500కే పోతే రైతుకు వాటిల్లే లోటు రూ.30,000. నోటీసు ఇచ్చి ఉంటే ఆ మొత్తాన్ని మొదటి పాటదారు నుంచి రాబట్టవచ్చు. ఇవ్వకుంటే ఆ హక్కు పోతుంది.

గేటు దాటిన తరువాత..

తొలి మెట్టు మార్కెట్ కమిటీయే. 1966 నాటి మార్కెట్ల చట్టం కింద ఖరీదుదారులు, అడ్తీదారులు కమిటీ నుంచి లైసెన్సు పొందాలి. లైసెన్సును నిలిపివేసే, రద్దు చేసే అధికారం ఉన్నందున కార్యదర్శికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవాలి. ఎగవేతదారుకు కోర్టు సమన్లకన్నా మరుసటి రోజు వేలంలో పాల్గొనలేకపోవడమే పెద్ద దెబ్బ.

మూడు పని దినాల్లో చెల్లింపు జరగాలని, వివాదమైతే ఆర్డీవో స్థాయి అధికారి తేల్చాలని 2020 నాటి కేంద్ర వ్యవసాయ వాణిజ్య చట్టంలో ఉండేది. ఆ చట్టం 2021లో రద్దయింది. నేడు దానిని ఆశ్రయించే వీలు లేదు. కొనుగోలుదారుపై విక్రేత వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడమూ కుదరదు. అక్కడ ఫిర్యాదు చేసే హక్కు కొన్నవారిదే తప్ప అమ్మినవారిది కాదు.

వ్యాపారి ఇచ్చిన చెక్కు చెల్లకపోతే రైతు చేతికి గట్టి ఆయుధం దొరికినట్లే. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందిన 15 రోజుల్లో సొమ్ము చెల్లించకుంటే ఆపై నెలలోగా కోర్టులో ఫిర్యాదు చేయాలి. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. రైతు ఖాతా ఉన్న బ్యాంకు శాఖ పరిధిలోనే కేసు వేసుకోవచ్చు.

చెక్కు లేనప్పుడు మిగిలేది సివిల్ దావా. సరుకు అప్పగించిన నాటి నుంచి, అరువు గడువు ఉంటే అది ముగిసిన నాటి నుంచి మూడేళ్లలోపు దాఖలు చేయాలి. వడ్డీ కూడా కోరవచ్చు. ఖరీదుదారు మహారాష్ట్రలోని సాంగ్లీలో ఉన్నా, బేరం ఇక్కడ జరిగింది కనుక ఇక్కడి కోర్టులోనే వేయవచ్చు. బాకీ ఖరీదుదారుదా, అడ్తీదారుదా అన్న సందేహం ఉంటే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చే వెసులుబాటు ఉంది.

ఠాణా మెట్లెక్కితే తీరుతుందా?

సొమ్ము ఇవ్వకపోవడమే మోసం కాదు. కొనే నాటికే ఎగవేసే ఉద్దేశం ఉన్నట్లు తేలాలని సుప్రీంకోర్టు పలుమార్లు స్పష్టం చేసింది. తప్పుడు పేరుతో కొనడం, ఒకేసారి పలువురి సరుకు ఎత్తుకుని దుకాణం మూసి పరారవడం వంటివి జరిగితే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద ఫిర్యాదుకు బలం ఉంటుంది. కేవలం వాయిదాలు వేస్తున్న వ్యాపారిపై పోలీసు కేసు నిలవడం కష్టం. ఈలోగా సివిల్ దావాకు ఉన్న మూడేళ్ల గడువు కరిగిపోతుంది.

కోర్టు ఖర్చు భరించలేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, నిర్ణీత ఆదాయ పరిమితిలోపు వారికి ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం.

అన్ని దారుల్లోనూ అడిగేది రుజువే. గేటు ఎంట్రీ చీటీ, లాట్ నంబరు, వేలం ఫలితం, తూకం చీటీ, తక్‌పట్టీ, బ్యాంకు ఖాతా వివరాలు భద్రపరచుకోవాలి. ఫోన్ సందేశాలు, తెరపటాలు కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం జతచేయాలి. నోటిమాటపై, పాత పరిచయంపై సరుకు వదిలే రైతు చేతిలో ఇవేవీ మిగలవు. లారీ కదలకముందే తక్‌పట్టీ అడిగి తీసుకోవడం ఖరీదుదారును అవమానించడం కాదు, ఏడాది కష్టాన్ని కాపాడుకోవడం.