ఆవగింజంత పన్ను, మూసీ పుట్టిన సీమ

నయాపూల్ మీద పొద్దున నడిచేటప్పుడు నా చూపు కిందికే పోతుంది. నీళ్లు తగ్గినప్పుడు మూసీలో అక్కడక్కడ గ్రానైటు బండలు వీపు చూపిస్తాయి. వాటి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఖండాలన్నీ ఒక్కటై పాంజియాగా మారడమూ, మళ్లీ విడిపోవడమూ ఆ బండలు పుట్టిన చాలా కాలానికి జరిగినవే. మన నగరం ఆ ప్రయాణమంతా చేసిన నేల మీదే ఉంది.

ముప్పయ్యేళ్లు పాతబస్తీ సర్కారు బడుల్లో జీవశాస్త్రం చెప్పాను. ఖండాలు కదలడం సాంఘికశాస్త్రం పుస్తకంలో ఉండేది, జీవులు మారడం నా పుస్తకంలో. రెండూ ఒకే కథ అని పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. చెప్పాలని నాకు తట్టింది నస్కల్ గురించి చదివాకే.

మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. అక్కడికి కొద్ది దూరంలోనే, పరిగి వైపు, నస్కల్ ఉంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద దక్కన్‌లో చాలా చోట్ల లావా పొరలు పొరలుగా పారింది. ఒక పొర చల్లారి ఇంకో పొర వచ్చేలోపు చెరువులు నిండేవి. ఆ చెరువుల అడుగు బురదే గట్టిపడి రాయయింది. పరిశోధకులు ఆ రాయిని నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, మిగిలిన రవ్వను సూక్ష్మదర్శిని కింద పలుకు పలుకుగా వెతికారు. అందులో పళ్లు దొరికాయి. 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని ఆ జంతువుకు డెక్కనోలెస్టిస్ అని పేరు పెట్టారు. డైనోసార్ల చివరి కాలంలో మన దేశంలో పాలిచ్చే జంతువులు ఉండేవనడానికి దొరికిన మొదటి రుజువు అదే.

ఆ పన్ను ఎంతుంటుందో చెప్పడానికి బేగంబజార్‌లో ఆవాలు కొని తరగతికి పట్టుకెళ్లాను. ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కో గింజ పెట్టాను. గాలికి ఎగిరిపోతుందేమోనని పిల్లలు ఊపిరి బిగబట్టారు. పన్ను అంతే. అంత చిన్న పంటి మీదా గుట్టలూ లోయలూ ఉంటాయి. ఏ జంతువు ఏ వంశానిదో వాటి తీరును బట్టే పోల్చుకుంటారు.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. డెక్కనోలెస్టిస్ బంధువులు ఉత్తరాన ఐరోపాలోనూ, ఆఫ్రికాలోనూ దొరికాయి. నస్కల్ రాళ్లలోనే దొరికిన ఇంకో జంతువు పళ్లు మాత్రం మడగాస్కర్, అర్జెంటీనా జంతువుల పళ్లను పోలి ఉన్నాయి. దానికి 2007లో భారతథీరియం అని పేరు పెట్టారు. అది దక్షిణాది ఖండాలన్నీ గోండ్వానాగా కలిసున్న నాటి పాత కాపు. డెక్కనోలెస్టిస్ మరి ఎక్కడిది? సుమారు 9 కోట్ల ఏళ్ల కిందే భారత ఖండం మడగాస్కర్‌ను వదిలి ఉత్తరానికి బయల్దేరింది. ఆసియాను తాకింది సుమారు 5 కోట్ల ఏళ్ల కింద. చుట్టూ సముద్రం. దారిలో ద్వీపాల వరస ఏదో ఉండి, దాని మీదుగా వచ్చిందని కొందరంటారు. ఇక్కడే పుట్టి బయటికి పోయిందని మరికొందరు. నాకు నచ్చేది ఆ వాదనే. మనది తలుపులు మూసిన పడవ అని పిల్లలకు చెప్తే అబద్ధమవుతుంది. పడవా కదిలింది, పడవలోకి రాకపోకలూ సాగాయి.

ఆ రోజు వెనక బెంచీ అమ్మాయి లేచి అడిగింది: "జమీన్ గంత దూరం పోతుంటే దాని మీదున్న జంతువులకు తెల్వలేదా టీచర్?"

తెలియదమ్మా అన్నాను. భారత ఖండం జోరుగా కదిలిన రోజుల్లోనూ ఏడాదికి పదిహేను, పదహారు సెంటీమీటర్లే. రెండు బెత్తెలు. ఏడాదో రెండేళ్లో బతికే చిన్న ప్రాణికి తన నేల జరిగిందన్న సంగతి ఎలా తెలుస్తుంది? అలా లక్షల తరాలు గడిచేసరికి వానలు మారాయి, చెట్లు మారాయి, ఆ చెట్ల మీద బతికేవీ మారాయి.

ఇంకా వెనక్కి పోతే పాత ఆదిలాబాద్ జిల్లా మలేరి ఉంది. 20 కోట్ల ఏళ్లకు పైబడిన అక్కడి ఎర్రమట్టిలో హైపరోడాపెడాన్ అనే ముక్కు వంపు జంతువు ఎముకలున్నాయి. అదే ప్రజాతి స్కాట్లండులోనూ, బ్రెజిల్‌లోనూ దొరికింది. నేలంతా ఒక్కటిగా ఉన్న కాలం అది. దక్షిణాది ఖండాల గుంపుకు పెట్టిన గోండ్వానా అన్న పేరు కూడా గోండుల నేల నుంచి తీసుకున్నదే. ఆ పేరు ప్రపంచమంతా పలుకుతుంది. ఆసిఫాబాద్ గోండు పిల్లలకు ఆ సంగతి బడిలో ఎంతమంది చెప్పారు?

నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం నిలబడి ఉంది. అదీ పాత ఆదిలాబాద్ జిల్లాలో తవ్వి తీసిందే. పెద్ద ఎముకను ఎవరైనా దాచుకుంటారు. ఆవగింజంత పన్నుకు, అది దొరికిన రాయికి ఎవరు దిక్కు? ఉస్మానియా ఆసుపత్రిలో 1908 మూసీ వరదప్పుడు జనాన్ని కాపాడిన చింతచెట్టును ఇప్పటికీ చూపిస్తాం. గుర్తుపెట్టుకోవడం చేతగాని ఊరేమీ కాదు మనది.

మూసీని బాగు చేస్తామని ఇప్పుడు ఇంత మాట్లాడుతున్నారు. ఆ లెక్కలోకి నది పుట్టిన సీమ కూడా రావాలి. శిలాజాలున్న చోట్లను కాపాడే బిల్లు ముసాయిదా కేంద్ర గనుల శాఖ నుంచి 2022 డిసెంబరులోనే వచ్చింది. అలాంటి కాపు నస్కల్ రాళ్లకు కావాలి. ఊళ్లో తెలుగులో, ఉర్దూలో ఒక బోర్డు కావాలి. రాయి కదపకుండా చూపించే మనిషి ఒకరు ఉండాలి. నయాపూల్ నుంచి పొద్దున్నే బస్సు కదిలితే, మధ్యాహ్నం అన్నం వేళకల్లా పిల్లలు ఆ రాళ్ల దగ్గర ఉంటారు. ఆవాలు నేను తెస్తాను.