గాలము ముడుచు వేళ

ఆకలి తీర్చుకొనుటకై చేపను పట్టువాడు కుటుంబమునకు సరిపడినంత దొరకగానే గాలమును ముడుచును. వినోదమునకై పట్టువానికి ఆకలి కొలత కాదు. మరి యతనికి కొలత యెయ్యది? అతడెప్పుడు చాలునని లేవవలయును? ఈ ప్రశ్నను విచారించుటకు స్కాట్లండు దేశము తగిన స్థలము. గాలపు వేట అచ్చట చిరకాలముగా వినోదమై వర్ధిల్లుచున్నది. అచ్చటి చేపలకు ఇటీవల వచ్చిన కష్టములును పరిశీలింపదగినవి.

స్కాట్లండువారు సరస్సును ‘లాఖ్’ అని పిలిచెదరు. కొండల నడుమకు చొచ్చుకొనివచ్చిన సముద్రపు పాయకు కూడ వారు అదే పేరు వాడుదురు. లాఖ్ లోమండ్ బ్రిటను దీవియందలి సరస్సులలో మిక్కిలి విశాలమైనది. దాని వైశాల్యము సుమారు 71 చదరపు కిలోమీటర్లు. లాఖ్ మోరార్ 310 మీటర్ల లోతు గలది. పడమటి కొండలలో ‘లాఖ్ ఆ’ అను సరస్సు 41 కిలోమీటర్ల పొడవున పామువలె సాగియుండును. దాని నీరు ఒక చిన్న నది ద్వారమున లాఖ్ ఎటివ్ అను ఉప్పునీటి పాయలో కలియును. ఇట్లు మంచినీరును సముద్రమును ఇరుగుపొరుగులై యుండుటచే, వారమంతయు నగరమున పనిచేసినవారు శనివారము సరస్సుపైనను, ఆదివారము సముద్రతీరమునను గాలము వేయుట అచ్చట వాడుక.

మన పల్లెలలో గాలమునకు వానపామును గుచ్చి, చెఱువు గట్టున ఓపికతో కూర్చుండుట మీరెఱుగుదురు. ఇచ్చట చెప్పబోవునది వేఱొక విధమైన వేట. దీనియందు ఎర ప్రాణముగల వస్తువు కాదు. లోహముతోగాని, కొయ్యతోగాని, రబ్బరువంటి పదార్థముతోగాని చేపపిల్ల ఆకారమున చేసిన బొమ్మ. దీనిని మాయయెర అనవచ్చును. వేటగాడు దానిని దూరముగా విసరి, కఱ్ఱకు అమర్చిన చక్రముతో దారమును చుట్టుచు లాగును. లాగునప్పుడది నీటిలో ఊగును, మెరయును, కంపించును. చేపకు శరీరము ప్రక్కగా పార్శ్వరేఖ యను ఇంద్రియమొకటి కలదు; నీటియందలి సన్నని కదలికను సైత మది దానితో గ్రహింపగలదు. కావున మసకనీటిలోకూడ పెద్దచేప ఆ కదలికను గుర్తించి, నిజమైన యాహారమని భ్రమించి పైబడును.

ఈ మాయయెరల చరిత్రలో ఫిన్లండు దేశపు జాలరి లౌరీ రపాలా పేరు ప్రసిద్ధము. పెద్దచేప చిన్నచేపల గుంపుపై బడునప్పుడు, చక్కగా ఈదుచున్న వానిని విడిచి, గాయపడి తడబడుచు ఈదునదానినే పట్టుచుండుట అతడు గమనించెను. 1936లో అతడు బెండువంటి కార్కును చెక్కి, చాకొలెట్టును చుట్టిన తగరపు కాగితమును దానికి తొడిగి, పాత ఫొటో ఫిలుమును కరగించి పూతగా పూసి, ఆ తడబాటునే అనుకరించు నొక ఎరను చేసెను. పనికిరాని వస్తువులతో చేసిన ఆ చిన్న బొమ్మ తరువాత దేశదేశములకు వ్యాపించెను. చేప స్వభావమును శ్రద్ధతో గమనించినవానికే వేట ఫలించునని ఈ వృత్తాంతమువలన తెలియుచున్నది. ఆ శ్రద్ధయే చేపను కాపాడుటకును అవసరమని ముందు చూడగలము.

మాయయెరవలన కలిగిన మేలును మొదట చెప్పవలయును. పైక్ అను చేప స్కాట్లండు సరస్సులలో నాచు మాటున పొంచియుండి వేటాడు క్రూరజాతి. దానిని పట్టుటకై పూర్వము కొందరు ప్రాణముతో నున్న చిన్నచేపలను ఎరగా తెచ్చుచుండిరి. మిగిలినవానిని సరస్సులోనే విడిచిపోవుచుండిరి. ఆ విధముగా వచ్చిన రఫ్ అను పరాయిచేప లాఖ్ లోమండ్‌లో 1982లో తొలిసారి కనబడెను. అనతికాలముననే అది విస్తారముగా పెరిగి, పోవన్ అను చేప గ్రుడ్లను తినసాగెను. పోవన్ స్కాట్లండులో సహజముగా లోమండ్, ఎక్ అను రెండు సరస్సులలో మాత్రమే నివసించునది. శాస్త్రజ్ఞులు దానిని వేఱు సరస్సులకు కూడ తరలించి, వంశము నిలుపుటకు ప్రయత్నింపవలసి వచ్చెను. బుట్ట అడుగున మిగిలిన నాలుగు చేపలను విడిచినవాడు ఇంత కీడును ఊహించియుండడు. 2007 నాటి చట్టము మంచినీటి వేటలో ప్రాణముగల చేపలను ఎరగా వాడుటను నిషేధించెను. మాయయెర యెన్ని సరస్సులలో మునిగి లేచినను పరాయిప్రాణిని కొనిపోదు. తడి ఆరబెట్టి శుభ్రపరచిన చాలును.

ఇక నియమముల సంగతి. స్కాట్లండులో గోధుమవన్నె ట్రౌటును మార్చి 15 మొదలు అక్టోబరు 6 వరకు మాత్రమే పట్టవలయును. తక్కిన కాలము అది గ్రుడ్లు పెట్టి కోలుకొను సమయము. సరస్సులలోను నదులలోను వేటాడుటకు ఆ నీటిపై హక్కుగలవారి యనుమతి కావలయును. సాల్మను, సముద్రపు ట్రౌటు అను జాతులను ఆదివారము పట్టరాదు. వారమున కొక దినము నదిని ఎగబ్రాకు చేపకు అడ్డు లేకుండవలయునను ఈ నియమము మిక్కిలి ప్రాచీనమైనది. మనుష్యునికి విశ్రాంతిదినమైన ఆదివారము చేపకును నిర్భయదినమగుట ఎంత సొంపైన యేర్పాటు!

అయినను సాల్మను క్షీణించుచునే యున్నది. అది నదిలో పుట్టి, సముద్రమున పెరిగి, గ్రుడ్లు పెట్టుటకై మరల పుట్టిన నదికే వచ్చు చేప. 2023లో స్కాట్లండు నదులలో గాలమునకు చిక్కిన సాల్మనులు సుమారు 32,500. 1952లో లెక్కలు ప్రారంభమైన నాటినుండి అప్పటివరకు ఏ యేటను అంత తక్కువ లేదు. ఆ సంవత్సరము డిసెంబరులోనే ప్రకృతి పరిరక్షణకై పాటుపడు అంతర్జాతీయ సమాఖ్య బ్రిటను సాల్మనును అంతరించిపోవు ప్రమాదముగల జాతుల పట్టికలో చేర్చెను. వేడెక్కుచున్న నీరు, నదుల కడ్డముగా నున్న కట్టడములు, సముద్రమున కలుగు నష్టము మొదలగు కారణము లనేకములు. 2016 నుండి అచ్చటి ప్రభుత్వము నదుల స్థితిని ఏటేట పరీక్షించి, చేపలు చాలని నదులలో పట్టిన సాల్మనును విధిగా విడువవలయునని శాసించుచున్నది. ఇప్పుడు గాలమునకు చిక్కిన సాల్మనులలో నూటికి తొంబదికి పైగా మరల నీటిని చేరుచున్నవి.

ఇచ్చటనే కొందరు పొరపడుచున్నారు. పట్టి విడిచితిమి గనుక పాపము లేదని, ఎన్నింటినైన పట్టవచ్చునని వారి తలంపు. ఇది సరికాదు. విడుచుటయు నొక విద్య; అది తెలియనివాని చేతిలో విడుదలయు మరణమే యగును. చేప దేహమును కప్పియున్న జిగురుపొర దానికి కవచము. పొడిచేతితో పట్టినచో నా పొర చెడును. అందుచే చేతిని ముందు తడుపుకొనవలయును. ముల్లులేని గాలము వాడినచో అది సులభముగా ఊడివచ్చును. పైక్ పండ్లు వాడియైనవి. దారపు కొసకు ఉక్కుతీగ కట్టనిచో అది దారమును కొఱికి గాలముతో సహా పారిపోయి బాధపడును. వేసవిలో నీరు వేడెక్కినపుడు అందలి ప్రాణవాయువు తగ్గును. అట్టి వేళ పెనుగులాడి అలసిన చేప విడిచినను బ్రదుకుట కష్టము.

మఱియు కొన్ని చేపలకు విడుదల ఉపయోగింపదు. సముద్రతీరపు రాళ్లనడుమ నుండు పోలక్ అను చేపకు కడుపులో గాలితిత్తి యుండును. లోతునుండి వేగముగా పైకి లాగినపుడు నీటియొత్తిడి తగ్గి, ఆ తిత్తి ఉబ్బి లోపలి యవయవములను నొక్కివేయును. అట్టిదానిని నీటిలో వదలిన మాత్రమున అది బ్రదుకునని నమ్మరాదు. అచ్చట దయకు ఒక్కటే మార్గము: ఇంటికి కావలసిన ఒకటి రెండు దొరకగానే ఆ చోట గాలము వేయుట మానుట.

వేసవిలో తీరమునకు గుంపులుగా వచ్చు మాకరెల్ సంగతి వేఱు. ఒకే దారమునకు అయిదారు గాలములు కట్టి వేయగా ఒక్కమారే అన్నియు నిండును. గడియలో గంపెడు చేపలు పట్టవచ్చును. ఈ చేప మనకు పరాయిది కాదు. మన కోస్తాలో కానాగంత యనబడునది దీని దాయాదియే. ఎడింబరోలో జన్మించిన పాట్రిక్ రసెల్ అను వైద్యుడు విశాఖపట్టణ తీరమున సేకరించిన రెండువందల చేపలను వర్ణించి 1803లో ఒక గ్రంథమును ప్రకటించెను. అందతడు వ్రాసికొన్న ‘కనగుర్త’ అను తెలుగుపేరు నేటికిని ఆ చేప శాస్త్రీయనామమున నిలిచియున్నది. మాకరెల్ రుచిగలది, కాని త్వరగా చెడును. గంపెడు పట్టి, నాలుగు వండుకొని, తక్కినవానిని పారవేయువాడు వేటగాడనిపించుకొనడు, అతడు దుబారాకోరు.

చేపకు నొప్పి తెలియునా యని మీరడుగవచ్చును. ఎడింబరో సమీపమునగల రోస్లిన్ పరిశోధనాలయపు శాస్త్రజ్ఞులు ట్రౌటు చేప ముఖముపై బాధను గ్రహించు నాడీగ్రాహకములున్నవని 2003లో ప్రకటించిరి. చేప అనుభవించు బాధ మన బాధవంటిదేనా యను వాదము తెగలేదు. కాని సందేహమున్న చోట ఆ సందేహపు ఫలము నోరులేని ప్రాణికే చెందుట న్యాయము. కావున నా యభిప్రాయము స్పష్టముగా చెప్పెదను. దినమంతయు ఏబది చేపలను పట్టి, ఏబదింటిని విడిచి, లెక్క చెప్పుకొని సంతసించువానికంటె, భోజనమునకు తగిన రెండింటిని పట్టి గాలము ముడిచినవాడు మేలు. మొదటివాడు ఏబది ప్రాణులను భయపెట్టెను; రెండవవాడు తన యవసరమునకు హద్దు గీచుకొనెను. అయితే సాల్మనువంటి క్షీణించిన జాతిని పట్టినపుడు విడుచుట తప్పదు. ఒకటి రెండింటితో తృప్తిపడి లేచుట అచ్చటను తప్పదు.

“గాలమువాడు పట్టునదెంత? పెద్దవలల నోడలు టన్నులకొలది తోడుకొనిపోవుచుండగా ఈ యొక్కని నిగ్రహమువలన ఏమి ప్రయోజనము?” అని యాక్షేపించువారు కలరు. ఈ యాక్షేపణలో సత్యము లేకపోలేదు. ఆరన్ దీవి కథ దీనికి సాక్షి. ఆ దీవి చుట్టునుగల క్లైడ్ సముద్రమున 1960 ప్రాంతముల గాలపు పోటీలు ఘనముగా జరుగుచుండెను. తీరమునకు మూడు మైళ్లలోపల సముద్రపు అడుగును దోకు వలలు వేయరాదని 1889 నాటి శాసనము కలదు. 1984లో ఆ నిషేధము తొలగింపబడెను. పదియేండ్లు తిరుగునప్పటికి చేపలు లేక లామ్లాష్ ఊరి పోటీలు నిలిచిపోయెను.

అయినను కథ అంతటితో ముగియలేదు. సముద్రపు అడుగున ఈది ఆ వినాశమును కన్నులార చూచిన యిద్దరు దీవివాసులు 1995లో ఒక సంఘమును స్థాపించిరి. వారు ఊరివారిని కూడగట్టి, ప్రభుత్వమునకు విన్నపములు పంపుచు, పదమూడేండ్లు శ్రమించిరి. తుదకు 2008లో లామ్లాష్ అఖాతమున రెండున్నర చదరపు కిలోమీటర్లకు పైగా గల భాగమున ఎవ్వరును ఏ విధముగను చేపలు పట్టరాదని శాసనము వెలువడెను. స్కాట్లండులో అట్టి ప్రదేశమదియే మొదటిది. పెద్దవలలకే కాదు, గాలమునకును అచ్చట ప్రవేశము లేదు. అప్పటినుండి అందు రొయ్యజాతికి చెందిన లాబ్‌స్టర్లు పెద్దవై, ఎక్కువ గ్రుడ్లు పెట్టుచున్నవి. సముద్రపు ఆల్చిప్పలును పెరిగినవి. తమ గాలమునుకూడ దూరముగా నుంచుట కంగీకరించినందుననే, పెద్దవలలవారిని దూరముగా నుండుడని చెప్పుటకు ఆ దీవివారి మాటకు బలము కలిగెను. తాను నిగ్రహించుకొననివాడు ఇతరులను నిగ్రహింపుమనలేడు.

ఒక్కని నిగ్రహము చిన్నదే కావచ్చును. కాని కాలము కనిపెట్టి వచ్చు చట్టమును, పదిమంది కూడి చేయు ప్రయత్నమును అట్టి చిన్న నిగ్రహములనుండియే పుట్టుచున్నవి. లాఖ్ ఆ సరస్సులో 2002లో 31 పౌండ్ల 12 ఔన్సుల బరువుగల ట్రౌటు గాలమునకు చిక్కి బ్రిటనులో రికార్డు నెలకొల్పెను. లోతునీటిలో నివసించు ఆ జాతి చేపలలో ఇరువది యేండ్లకు పైగా బ్రదికినవి కలవు. అంత పెద్ద చేప గాలమునకు దొరకెననగా, దానిని పిల్లగా నున్నపుడు ఎవ్వరును చంపలేదని యర్థము.

బాలబాలికలారా! మీలో గాలము పట్టువారు కొందరే యుండవచ్చును. కాని అడవియందు కాయ కోయునపుడు, బావినుండి నీరు తోడునపుడు, ఏటినుండి ఇసుక తీయునపుడు ఈ ప్రశ్నయే మీకెదురగును. అప్పుడు చాలునని ఇతరులు చెప్పువరకు వేచియుండకుడు. మీ తరువాత నా చోటికి వచ్చువానికి కొంత మిగిలియుండగనే గాలము ముడువుడు.