కూలి తగ్గిందని కట్టే ఇల్లు

గత నెల ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఇద్దరు నాతో మాట్లాడారు. మొదటివాడు తాపీ మేస్త్రి, చాలా ఏళ్లుగా మా సంఘ సభ్యుడు. "అయ్యగారూ, ఎక్కడైనా చిన్న పనుంటే చెప్పండి. గోడలకు సున్నం కొట్టేదైనా సరే" అన్నాడు. పది మంది కూలీలను వెంటబెట్టుకుని స్లాబులు వేయించిన మనిషి సున్నం పని అడగడం నేను ఇంతకు ముందు వినలేదు. రెండో ఆయన ముందు వరుసలో కూర్చునే పెద్దాయన, రిటైరైన ఉద్యోగి. పాత ఇంటి మీద ఒక పోర్షన్ వేసి అద్దెకిద్దామన్నది ఆయన ఆలోచన. "ఇదే సమయం అయ్యగారూ, ఇప్పుడు లేబరు చవగ్గా దొరుకుతున్నారు" అన్నారు.

ఇద్దరూ చెప్పింది ఒకే వార్త. పత్రికల్లో దాన్ని రియల్ ఎస్టేట్ మందగమనం అంటున్నారు.

హైదరాబాద్‌లో ఈ పరిస్థితి ఒక్క రోజులో రాలేదు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం ధర 100 కోట్లు దాటింది. అంత పెట్టి కొన్న భూమిలో కట్టే ఫ్లాటు ఎవరికోసమో అప్పుడే అర్థం కావాలి. టవర్లు ఆకాశంలోకి లేచాయి, ధరలు జీతాలను దాటిపోయాయి. తర్వాత ఎన్నికలు వచ్చాయి. 2024 జూలైలో హైడ్రా ఏర్పాటై, చెరువుల పరిధిలోని కట్టడాల కూల్చివేతలు మొదలయ్యాయి. చెరువుల రక్షణ అవసరమే. కానీ కొనబోయేవాడు మాత్రం ఏ సర్వే నంబరు ఏ చెరువు కిందకు వస్తుందో తేలేదాకా ఆగుదామనుకున్నాడు. ఐటీ ఉద్యోగాల భయం దానికి తోడైంది. ఆంధ్రా వైపు వారికి ఇలాంటి అనుభవం పాతదే. 2019లో అమరావతి పనులు ఆగాయి, అదే ఏడు ఇసుక దొరకలేదు. భవన నిర్మాణ కార్మికులు నెలల తరబడి పనిలేక కూర్చున్నారు. రాజధాని పనులు తిరిగి ప్రారంభమైంది 2025 మే 2న. ఈలోగా ఊళ్లు వదిలి వెళ్లిన మేస్త్రీలలో అందరూ తిరిగి రాలేదు.

ఇక పెద్దాయన మాటకు వస్తాను. మార్కెట్ పడిపోయినప్పుడు ఇల్లు కట్టడం చవక అవుతుందని చాలామంది నమ్ముతారు. ఏది చవక అవుతుందో విడదీసి చూడాలి. సిమెంటు, స్టీలు, ఇసుక, టైల్స్, కరెంటు వైరు ధరలు మన వీధిలో ఒక ఇల్లు ఆగినంత మాత్రాన పడవు. వాటి వెనక పెద్ద కంపెనీలు, దేశమంతా జరుగుతున్న రోడ్లూ వంతెనల పనులూ ఉన్నాయి. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, అది నిజమైన ఊరట. కానీ అది పన్నులో తగ్గింపు, మందగమనం ఇచ్చింది కాదు. మందగమనంలో వెంటనే, బేరమాడకుండానే తగ్గేది ఒక్క కూలి. అడ్డా మీద పొద్దున ఆరింటికి వంద మంది నిలబడి, పని ముప్పై మందికే ఉంటే ధర ఎవరు తగ్గిస్తారో చెప్పనక్కరలేదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. 20 లక్షల పనిలో సుమారుగా మూడింట రెండు వంతులు సామగ్రికి, ఒక వంతు కూలికి పోతుంది. అంటే కూలి 6 నుంచి 7 లక్షలు. దాన్ని 15 శాతం కుదించామనుకుందాం. మనకు మిగిలేది లక్ష, మొత్తం ఖర్చులో 5 శాతం. మంచి టైల్స్ బదులు ఇంకాస్త మంచి టైల్స్ వేస్తే ఆ లక్ష అక్కడే పోతుంది. అటువైపు మేస్త్రి కింద పనిచేసే ఎనిమిది మంది ఇళ్లలో అదే లక్ష ఆ నాలుగైదు నెలల స్కూలు ఫీజు, గ్యాసు బండ, ఇంటి అద్దె. "చవగ్గా దొరుకుతున్నారు" అన్న మాటకు పూర్తి అర్థం ఇది.

యెహోయాకీము రాజు కథ మనలో చాలామంది చదివే ఉంటారు. దేశం ఐగుప్తు రాజుకు కప్పం కట్టలేక నలిగిపోతున్న రోజుల్లో ఆయన విశాలమైన గదులతో, పెద్ద కిటికీలతో, దేవదారు పలకలతో నగరు కట్టించుకున్నాడు. పనివారికి జీతం ఇవ్వలేదు. యిర్మీయా 22వ అధ్యాయంలో ప్రవక్త మందలించింది ఈ జీతం ఎగవేతనే. కష్టకాలంలో ఇల్లు కట్టడం తప్పని ఆయన అనలేదు. ఈ తేడాను గమనించాలి. ఎందుకంటే మందగమనంలో డబ్బున్నవారు భయపడి పనులన్నీ ఆపేస్తే మేస్త్రికి మరీ నష్టం. చేయవలసిన పని ఉండి, చేతిలో డబ్బున్నవారు ఇప్పుడు చేయించడం మంచిదే. పాత ధరకే కూలి ఇచ్చి చేయించాలి, అంతే.

ఇక్కడ మా సంగతి దాచడం న్యాయం కాదు. కొన్నేళ్ల క్రితం మేము మందిరాన్ని వెనక్కి పెంచాం. కానుకలు ఇస్తామని మాట ఇచ్చినవారిలో కొందరు ప్లాట్లు అమ్మి ఇద్దామనుకున్నారు. ప్లాట్లు అమ్ముడుపోలేదు. మేస్త్రి ఆఖరి బిల్లు ఐదు నెలలు ఆగింది. ఆ ఐదు నెలల్లో ఆయన ఆరాధనకు రావడం తగ్గించాడు, తర్వాత మానేశాడు. విశ్వాసంలో చల్లబడ్డాడేమోనని కమిటీలో మేము ప్రార్థన కూడా చేశాం! ఆయన కూలీలు ఆదివారం మందిరం గేటు దగ్గరే నిలబడి డబ్బు అడుగుతున్నారని, అందుకే ఇటువైపు రావడం లేదని ఆయన భార్య మా ఇంట్లోవాళ్లకు చెప్పేదాకా మాకు తెలియలేదు. అప్పుడు అప్పు తెచ్చి కట్టాం. ఆ మేస్త్రి ఇప్పుడు వేరే సంఘానికి వెళ్తున్నాడు.

పోర్షన్ వేయాలనుకున్న పెద్దాయనకు నేను కూలి గురించి చెప్పే ముందు అప్పు గురించి అడిగాను. 25 లక్షలు బ్యాంకు రుణం తీసుకుంటారట. 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు నెలవాయిదా సుమారు 21,700 రూపాయలు. మొత్తం మీద వడ్డీయే 27 లక్షలు. మా పేటలో రెండు గదుల పోర్షన్‌కు అద్దె 12 వేలు దాటదు. "అద్దే వాయిదా కట్టేస్తుంది" అన్న ధీమాలో నెలకు దాదాపు పది వేల లోటు ఉంది, అదీ ఇల్లు ఒక్క నెలా ఖాళీగా ఉండకపోతే. కూర్చుని లెక్క చూసుకోకుండా గోపురం మొదలుపెట్టినవాణ్ణి గురించి ప్రభువు చెప్పింది ఆయనకే గుర్తొచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇప్పటికే అప్పున్నవారికి ఒక మాట. రిజర్వు బ్యాంకు రెపో రేటును 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు లోపు 6.5 నుంచి 5.25 శాతానికి తగ్గించింది. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకులిచ్చిన మారే వడ్డీ గృహరుణాలు బయటి ప్రామాణిక రేటుకు ముడిపడి ఉంటాయి, కాబట్టి తగ్గింపు వాటికి చేరుతుంది. అంతకు ముందు తీసుకున్న రుణాలు చాలావరకు పాత పద్ధతిలోనే ఉన్నాయి. మనం బ్యాంకుకు వెళ్లి అడిగితే తప్ప మార్చరు. కొద్దిపాటి ఫీజు కట్టి కొత్త రేటుకు మారవచ్చు. మన సంఘాల్లో టీచర్లు, నర్సులు, రైల్వే ఉద్యోగులు ఈ ఒక్క దరఖాస్తు పెట్టకపోవడం వల్ల ఏటా వేలల్లో పోగొట్టుకుంటున్నారు.

మందగమనంలో మరో ప్రమాదం ప్రీలాంచ్. అమ్మకాలు లేని బిల్డరుకు నగదు కావాలి. మార్కెట్ ధరలో సగానికే ఫ్లాటు అని, యూడీఎస్ కింద రిజిస్ట్రేషన్ అని, మొత్తం ఒకేసారి కట్టాలని చెప్తాడు. చెప్పేది చాలాసార్లు తెలిసినవాళ్లే. సంఘ సభ్యులే సంఘ సభ్యులకు కమీషన్ మీద అమ్మిన సంగతులు నా దగ్గరకు వచ్చాయి. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, ఎనిమిది ఫ్లాట్లకు మించి గానీ కట్టే ప్రాజెక్టును రెరాలో నమోదు చేయకుండా ప్రకటించకూడదు, అమ్మకూడదు. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవారి దగ్గర వసూలు చేసిన దానిలో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే విడి ఖాతాలో ఉంచాలి. 2016 చట్టం ఇది. సహోదరుడు చెప్పాడు కదా అని రెరా నంబరు అడగడానికి మొహమాటపడితే, తర్వాత అదే సహోదరుడితో పోలీస్ స్టేషన్‌లో మాట్లాడవలసి వస్తుంది.

పల్లె సంఘాల్లో బాధ వేరు. తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు విడతలవారీగా వస్తాయి. పని ముందు జరగాలి, డబ్బు తర్వాత వస్తుంది. ఆ మధ్య కాలానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవారిని నేను చూశాను, ఏడాదికి 36 శాతం అది. విస్తీర్ణం 600 చదరపు అడుగులు దాటితే బిల్లు ఆగుతుంది. అయినా "ఎలాగూ కడుతున్నాం కదా, ఒక గది పెంచుదాం" అనే ఆశ మనిషిని వదలదు. దగ్గరి కాపరులు ముగ్గు పోసే రోజు ప్రార్థనకు వెళ్లినప్పుడే కొలత ఎంతో అడిగితే చాలా ఇళ్లు మధ్యలో ఆగకుండా ఉంటాయి.

ఇక చేయించవలసిన పనులేమిటి? పాత ఇళ్లలో స్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు కనబడుతుంటే అది ఈ వేసవిలోనే చేయించాలి. వానాకాలం దాకా ఆపితే ఖర్చు రెట్టింపు అవుతుంది. ముసలి తల్లిదండ్రులున్న ఇంట్లో స్నానాలగదికి జారని టైల్స్, గోడకు పట్టుకునే కడ్డీ కావాలి. పిట్టగోడ లేని డాబాలకు పిట్టగోడ కావాలి. కొత్త ఇంటికి పిట్టగోడ కట్టించాలన్నది మోషే ధర్మశాస్త్రంలోనే ఉంది. పిల్లర్లు లేని గోడల మీద పై అంతస్తు మాత్రం ఇంజినీరు చూడకుండా వేయకండి. ఇవన్నీ మేస్త్రికి పది పదిహేను రోజుల పనులు, మనకు అప్పులేని పనులు.

ఈ నెల నుంచి ఆరాధన తర్వాత మందిరం వరండాలో ఒక బల్ల వేస్తున్నాం. నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదుకు 18 నుంచి 60 ఏళ్ల వయసుండి, గడచిన ఏడాదిలో 90 రోజులు పని చేసి ఉండాలి. నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సుగా వసూలయ్యే డబ్బు వీళ్లకోసమే బోర్డులో ఉంటుంది. మొదటి ఆదివారం వచ్చినవారిలో సగానికి పైగా కార్డు లేనివారు, రెన్యువల్ చేయించుకోనివారు. సున్నం పని అడిగిన మేస్త్రి కూడా వారిలో ఉన్నాడు. ఆయన 90 రోజుల పని ధ్రువీకరణ కాగితం కోసం పెద్దాయన దగ్గరకు వెళ్లాడు. ఆ ఇంట్లో పోయిన ఏడు ప్రహరీ కట్టింది తనే. పోర్షన్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టారట. స్లాబు పెచ్చుల పని సోమవారం మొదలవుతుంది, కూలి పోయిన ఏడాది ధరకే.