కణత్వచము గోడ కాదు

జీవకణమును వర్ణించునపుడు, “కణమొక యిల్లు; త్వచము దాని ప్రహరీగోడ” యని బోధించుట మన పాఠశాలలలో పరిపాటియైనది. ఉపమానము సులభమే గాని, నా యభిప్రాయమున అది మేలుకంటె కీడునే యెక్కువ చేయుచున్నది. గోడ కదలదు, ఎంచుకొనదు, పని చేయదు. త్వచమో, కణము బ్రతికియున్నంతకాలము పని మానదు. పైగా వృక్షకణములకు త్వచమునకు వెలుపల సెల్యులోజుతో నిర్మితమైన కణకవచము వేరుగ నున్నది. గోడ యను మాట దానికే చెల్లును. రెంటికిని ఒకే పోలిక చెప్పినచో బాలురు పరీక్షలలో రెంటిని కలగాపులగము చేయుటలో వింత యేమి?

ఈ త్వచము మందము సుమారు 7 లేక 8 నానోమీటర్లు. మీరు చదువుచున్న యీ కాగితపు మందములో అట్టివి సుమారు పదివేలు దొంతరగా నిముడును. ఇది ఫాస్ఫోలిపిడ్లను కొవ్వుజాతి అణువుల రెండు వరుసలచే నేర్పడినది. ఆ యణువుల తల నీటిని కోరును. తోకలు నీటిని రోయును. కావున తలలు ఇరుప్రక్కల నీటిని తాకియుండగా తోకలు నడుమ దాగియుండును. 1925లో హాలెండు దేశమున గోర్టర్, గ్రెండెల్ అనువారు ఎఱ్ఱ రక్తకణములనుండి తీసిన కొవ్వును నీటిపై పరపి, అది కణముల ఉపరితలమునకు ఇంచుమించు రెట్టింపు మేర వ్యాపించుట చూచి, వరుసలు రెండని నిర్ణయించిరి. ఈ పొర ద్రవమువలె కదలుచుండుననియు, మాంసకృత్తులు అందు తేలియాడుచుండుననియు 1972లో సింగర్, నికల్సన్ అనువారు ప్రతిపాదించిరి. ఆ మాంసకృత్తులలో కొన్ని ద్వారముల వంటివి. ఒక్కొక్కటి తనకు తగిన పదార్థమునకే త్రోవ యిచ్చును.

ఇవి చెప్పుటకు సూక్ష్మదర్శిని లేదని విచారింప నక్కరలేదు. మాగాయకై మామిడిముక్కలకు ఉప్పు పట్టించిన తల్లులందఱును త్వచము పనిని చూచినవారే. ముక్కలలోని నీరు త్వచములను దాటి ఉప్పున్న వైపునకు వచ్చి ఊట యగును. దీనినే ద్రవాభిసరణమందురు. బీటుదుంప ముక్కను బాగుగ కడిగి చన్నీట నుంచినచో రంగు అంతగా దిగదు. మరుగు నీట వేసినచో నీరంతయు ఎఱ్ఱనగును. వేడికి త్వచము చెడుటయే కారణము. ఈ రెండు గ్లాసులను బల్లపై నుంచిననాడు వెనుకబల్లవారు సహితము ముందుకు వత్తురు.

గోడ యను పోలిక చేయు అసలు హాని వేరొకటి గలదు. నీళ్ళ విరేచనములతో బిడ్డ సోలిపోవుచుండగా కొందఱు నీటినే మాన్పింతురు. కొందఱు వట్టి నీరు మాత్రమే యిత్తురు. ఉప్పును చక్కెరను కలిపి యేల యీయవలెనో గోడ చెప్పజాలదు. ప్రేగులలోని కణముల త్వచమునందొక ద్వారము గలదు. సోడియమును గ్లూకోజును జంటగా వచ్చినచో అది రెంటిని లోనికి గొనిపోవును. నీరు వాని వెంట పోవును. ఈ జంట ప్రయాణమును 1960లో రాబర్ట్ క్రేన్ ప్రాగ్ నగరమున వివరించెను. కలరా విషము ఈ ద్వారమును చెఱుపజాలదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున, పశ్చిమ బెంగాలు సరిహద్దునందలి బన్‌గావ్ శరణార్థులలో కలరా చెలరేగి సెలైను చాలకపోగా, డాక్టరు దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీటిని రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి సుమారు 30గా నున్న మరణములు 4కు లోపునకు దిగెను.

చక్కెర మితిమీరినను కీడే. అప్పుడు మామిడిముక్కకు జరిగినదే బిడ్డకును జరుగును: నీరు శరీరమును విడిచి ప్రేగులోనికి వచ్చును. తియ్యని పానీయములు కొన్ని ఓ.ఆర్.ఎస్. అను పేరుతో అమ్ముడుపోవుచుండగా, ఆహారపానీయముల పేర్లలో ఆ యక్షరములను వాడరాదని 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించినది. ఆదేశము మంచిదే. ఐనను సీసాపై చిన్న అక్షరములు చదివి, చక్కెర యెంతయో చూడగల అన్నయో అక్కయో ప్రతి యింట నుండవలదా?

పాఠ్యప్రణాళిక ముగించుటకే కాలము చాలదని కొందఱు సహోపాధ్యాయులందురు. థర్మాకోలుతో రంగురంగుల కణము నమూనా చేయించుటకు వారము దినములు దొరకుచున్నవి గదా! అందులో ఒక దినము బీటుదుంపకును, ఒక దినము ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిపై ముద్రించినంత నీటిలోనే కలుపుట నేర్పుటకును కేటాయింపవలెనని నా విన్నపము. పరీక్షలో త్వచము పటము గీయుమనుటకు మాఱుగా, “వట్టి నీరేల చాలదు?” అని యడిగి చూడవలెను.